జయరాజ్ గారి మొదటి గంప

ఆలూరులో జయరాజ్‌ను చూసి ఒక్కసారైనా దాక్కోని మనిషి లేడు. పోలీసు కాడు, పటేలు కాడు, నోరు మంచిది, మనసు ఇంకా మంచిది. కాకపోతే ముప్పై ఏళ్లుగా బీమా ఏజెంటు. ఆయన పాత బండి చప్పుడు మలుపులో వినపడితే చాలు, ఇంట్లో ఉన్నవాళ్లు లేనివాళ్లైపోయేవారు, లేనివాళ్లు ఇంకో గంట రాకుండా చూసుకునేవారు. మర్యాదకు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే, గ్లాసు దించకముందే "మీ నాయిన ఏ వయసుల పోయిండు? దేంతోని పోయిండు?" అని అందుకునేవాడు. పొద్దున్నే చాయ్ కూడా తాగకముందు ఇంట్లో చచ్చినవాళ్ల లెక్క అడిగే మనిషిని ఎవరు మాత్రం ఎంతకాలం భరిస్తారు?

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. మనుషుల వయసు తేల్చడంలో జయరాజ్‌ను మించినవాడు చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు రెండూ గాలించినా దొరకడు. ఎవరైనా పదేళ్లు దాచి పాలసీ తీసుకుందామని చూస్తే, "పోలీస్ యాక్షనప్పుడు మీ అన్న ఎంతుండె? మరి నువ్వు ఆయనకు ఎన్నేండ్లు చిన్న?" అని అటు తిప్పి ఇటు తిప్పి, చాయ్ చల్లారేలోపు అసలు లెక్క బయటికి లాగేవాడు. ఆ అలవాటు పరాయి ఇళ్లలో బాగానే అన్నం పెట్టింది. సొంత ఇంట్లో వాడినప్పుడే చిక్కొచ్చింది.

ఆలూరు చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఇంటింటివాళ్లూ పంటలో కొంత గంపకెత్తి తెచ్చి బల్ల ముందు దించుతారు. తర్వాత వేలం. ఆవేశంలో ఒక సొరకాయకు ఐదు వందలు పాడి, ఇంటికెళ్లాక భార్యకు సమాధానం చెప్పలేక మళ్లీ ప్రార్థన చేసుకునే భక్తులు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు తేలతారు. ఎవరి గంప ఎంత పెద్దదైనా, అందరికంటే ముందు దిగేది మాత్రం జయరాజ్ ఇంటి గంప. ఊళ్లో మొట్టమొదట దేవుణ్ని నమ్మి మొట్టమొదటి గంప తెచ్చినవాడు ఆయన తాత మారయ్య అని ఊరు చెప్పుకుంటుంది. ఊరికంటే జయరాజ్ ఒక పిసరు గట్టిగా చెప్పుకుంటాడు.

ఆ గంప మోసేది ఆయన భార్య ప్రేమజ్యోతి. కాపురానికి వచ్చిన ఏడాది అత్త ఆమె నెత్తిన ఎత్తింది, అప్పటినుంచీ దించలేదు. పట్టుచీర కట్టుకొని, తల కదలకుండా, నడవ మధ్యలోంచి ఆమె నడిచి వస్తుంటే చూడ్డానికి బాగానే ఉండేది. గంపలో సరుకు సంగతి వేరు. రోడ్డు పక్కనున్న రెండెకరాలూ ప్లాట్లైపోయినప్పటినుంచి ఆ మొదటి పంట చేవెళ్ల మార్కెట్లో పండుతోంది. మట్టి అంటుకొని ఉన్న క్యారెట్లే ఏరి కొని, అప్పుడే చెలకలోంచి పీకినట్టు పైన పేర్చేది ప్రేమజ్యోతి. ఊరందరికీ తెలుసు. దేవుడికి కూడా తెలిసే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ఏడాది కోత పండుగ నూరోది అని పాస్టరు ప్రేమదాసు లెక్క తీశాడు. "జయరాజన్నా, ఈసారి మొదటి గంప ఎట్ల వచ్చిందో నువ్వే లేచి చెప్పాలె," అన్నాడు. జయరాజ్‌కు ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు. నోటితో చెబితే గాలికి పోతుంది, వంశవృక్షం గీయించి ఫ్లెక్సీ కొట్టించాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాడు. తప్పేం లేదు. ఇవాళ రేపు పుట్టినా ఫ్లెక్సీయే, పోయినా ఫ్లెక్సీయే, వార్డు మెంబరుగా ఓడిపోయినా ఫ్లెక్సీయే. చేవెళ్లలో ఫ్లెక్సీలు కొట్టే మల్లేశ్ దగ్గరికి వెళ్లి, పైన మీసాలతో తాత ఫొటో, కింద తండ్రి ఎజ్రా, ఆయన కింద కొడుకులు, కూతుళ్లు, మనవళ్లు అని కొమ్మలు కొమ్మలుగా చెప్పి వచ్చాడు. వయసులు కూడా వేయించాలనుకున్నాడు. పాత వాసన ఎక్కడికి పోతుంది?

అక్కడే లెక్క తప్పింది. నూరేళ్ల కిందట సంసారి అయి, భూమి దున్ని, గంప తెచ్చాడంటే తాతకు తక్కువలో తక్కువ పాతికేళ్లుండాలి. మరి జయరాజ్ పెళ్లినాడు ఆ తాతే ఆలూరు నుంచి చేవెళ్ల దాకా నడిచి వెళ్లి, బ్యాండు వాళ్లతో బేరమాడి, వాళ్ల ముందు చిందేస్తూ తిరిగొచ్చాడు. ఆ రోజు ఆయనకు తొంభై దాటి ఉండాలి. తొంభై ఏళ్లవాడు బ్యాండు ముందు చిందేశాడని ఎవరైనా చెబితే జయరాజ్ పాలసీ కాదు కదా, పక్కన కూర్చోనిచ్చేవాడు కాదు. ఎట్లా వేసినా తాత పుట్టుక పదిహేను ఇరవై ఏళ్లు ఇవతలికి వస్తోంది. అంటే మొదటి గంప నాటికి మారయ్య నిక్కరు వేసుకునే పిల్లవాడు.

అడిగితే తేలిపోతుందని ఊళ్లోకి బయల్దేరాడు. తలుపులు టపటపా మూసుకున్నాయి. "పాలసీ కాదమ్మా, చరిత్ర," అని గుమ్మం బయటినుంచి ఎంత మొత్తుకున్నా, కొత్త పాలసీ పేరేమో అనుకున్నారు. కౌలుకు చెలక పట్టి కూరగాయలు పండించే అంతయ్య అయితే టమాటా ట్రేల వెనక కూర్చుండిపోయాడు.

"అన్నా, ఈ నెల కాదు, వచ్చే నెల చూద్దం," అని అక్కడినుంచే చెప్పాడు.

"నేనేం అడుగుతలేను అంతయ్యా. మీ ఇంట్ల పాతోల్లు మా తాత గురించి ఏమన్న చెప్పేటోల్లా?"

"మా ఇంట్ల పాతోల్లు మీ ఇంటోల్ల గురించి ఎందుకు చెప్తరన్నా?" అన్నాడు అంతయ్య. ఆ మాటలో ఎగతాళి లేదు. చర్చిలో అతని ఇంటి గంప ఎప్పుడూ చివరిది.

క్రమంగా తలుపులు తెరుచుకున్నాయి. వాళ్లు ఆయన్ని నమ్మి కాదు, మాట్లాడే మనిషి దొరికాడని. అయితే మారయ్య గురించి అడిగితే ఎవరూ మారయ్యతో ఆగలేదు. ఒకామె గత్తరకు, అదే కలరాకు, ఊరు ఊరంతా లేచి ఇప్పుడున్న చోటికి ఎట్లా వచ్చిందో చెప్పింది. ఇంకొకాయన రోడ్డు లేనప్పుడు చేవెళ్లకు ఏ గట్టు మీదుగా, ఎవరి చెలకల్లోంచి, ఎవరి తిట్లు తింటూ నడిచేవారో చేత్తో గాలిలో గీసి చూపాడు. ఎక్కడ ఏ బావి ఎవరిదో, ఏ బావి దగ్గర ఎవరిని దూరంగా నిలబెట్టేవారో చెప్పారు. జయరాజ్ ఫోన్లో అంతా రికార్డు చేసుకున్నాడు. కొన్నాళ్లకు తాతను అడగడం మరిచిపోయి, ఆ గట్లు వెతుక్కుంటూ ఎండలో తిరగడం మొదలుపెట్టాడు. ప్యాంటు నిండా పల్లేరుకాయలతో ఇంటికొస్తే ప్రేమజ్యోతి చీపురు అందించి, కూతురి పేరుతో పిలిచి దెప్పేది.

"ఆశా నాయినా, నువ్వు మీ తాతను ఎతకవోయినవ్. ఊరంత తోలుకొచ్చినవ్. వీళ్లందరికి ఎవరు వండాలె?"

గత్తర ఏడాది చేవెళ్లలో గుడారం దవాఖాన ఉండేదని ఇద్దరు ముగ్గురు అనడంతో, అక్కడి పరమేశ్వర్ కిరాణా కొట్టుకు వెళ్లాడు. కొట్టు వెనక ఇంట్లో పరమేశ్వర్ తల్లి ఉంటుంది. తొంభై దగ్గర పడ్డా మాట తడబడదు. ఆమె అత్త కాలం నుంచీ వాళ్ల కొట్టు అక్కడే.

"మా అత్త చెప్పేది బిడ్డా," అందామె. "గీ కొట్టు ఎనక మైదానంల మిషనోల్ల దొరసాని డాక్టరమ్మ గుడారం ఏసిందట. ఒకనాడు పొద్దుగాల ఒకామె నెత్తి మీద గంపతోని వచ్చి, జర చెయ్యేసి దించుండ్రి అన్నదట. ఏం కూరగాయ తెచ్చిందో అని మా అత్త తొంగి చూస్తే లోపట పిల్లగాడు. కండ్లు తేలేసిండట."

"ఎవరి పిల్లగాడు అవ్వా?"

"ఆలూరోడే. తల్లి, తండ్రి ఒక్కదినమే గత్తరకు పోయిండ్రట. వీడు గూడ పోతడని అందరు వదిలేస్తే, ఏం కాని ఆమె గంపలేసుకొని అంత దూరం మోసుకొచ్చింది. బతికిండు వాడు. పెద్దగయినంక మా కొట్లనే సామాను కొనేటోడు, మారయ్య అని." ముసలామె గొంతు తగ్గించింది. "మా అత్త చెయ్యెయ్యలేదు బిడ్డా. ఆ దినాలు గట్లుండె. ఆమెనే మోకాళ్ల మీద కూసొని దించుకున్నదట. గది చెప్పినప్పుడల్ల మా అత్త కండ్లు తుడుసుకునేది."

జయరాజ్ అక్కడ చాయ్ తాగలేదు. చాయ్ తాగకుండా ఆయన లేచిన ఇల్లు అదొక్కటే.

నేరుగా మొయినాబాద్ దారి పట్టాడు. ఆ దారిలో సురంగల్ అనే ఊళ్లో మేనత్త రూతమ్మ ఉంది, మారయ్య బిడ్డల్లో మిగిలింది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ దారిలో చెలకలకంటే ఫాంహౌసుల గోడలు ఎక్కువ. రెండు గోడల మధ్య ఇరుక్కుని అత్త ఇల్లుంది. ఆమె మునగాకు దూస్తూ కూర్చుని ఉంది.

"అత్తా, తాత మొదటి గంప తెచ్చినప్పుడు ఎంతుండె?"

"మా నాయిన గంప తెచ్చిండని నీకెవడు చెప్పిండు?" అంది రూతమ్మ తలెత్తకుండానే. "మా నాయిన గంప తేలేదు అల్లుడా, గంపల వచ్చిండు."

ఆ తర్వాత ఆకు దూస్తూనే అంతా చెప్పింది. మోసుకొచ్చినామె పేరు బీరమ్మ. అంతయ్యకు నాయనమ్మ. పిల్లవాడు బతికాడని మరుసటి ఏడాది ఆమె కూలికి వచ్చిన జొన్నలు అదే గంపలో పోసుకొని, అదే గుడారం ముందు దించి వచ్చింది. ఊళ్లో దేవుణ్ని మొదట నమ్మింది ఆమె. తర్వాత చాలామంది నమ్మారు, పేర్లు మార్చుకున్నారు. ఆమె మార్చుకోలేదు.

"బీరమ్మ పిలిస్తే పలకని దేవుడు, రూతమ్మ పిలిస్తే పలుకుతడా అన్నదట. ఆమె వద్దన్న ఆ పేరు నాకు పెట్టిండ్రు," అని నవ్వింది. "ముసలిదైనంక ఆమెకు గంప చేతగాకపాయె. మా నాయిన మోసిండు. తల్లి గంప మోసినట్టే మోసిండు. ఆమె పోయినంక గూడ మోసిండు. చూసేటోల్లకు మోసినోడే కనవడ్డడు. బీరప్ప దేవుని పేరున్నామె చర్చిల మొదటిదని ఎవరనుకుంటరు?"

"ఇన్నేండ్లు చెప్పకపోతివి అత్తా."

"ఇన్నేండ్లు వచ్చినప్పుడల్ల నా పాలసీ సంగతే అడిగినవ్ గని, గంప సంగతి ఎప్పుడన్న అడిగినవా?"

జయరాజ్ తిరుగుదారిలో బండి చాలా నెమ్మదిగా నడిపాడు. ఊరికే నడపలేదు, తనతో తాను బేరమాడుతూ నడిపాడు. తెలిసింది ఇద్దరు ముసలమ్మలకే. ఒకామె చర్చికి రాదు, ఇంకొకామె ఇల్లు కదలదు. ఈ నూరో పండుగ ఒక్కటీ గడిచిపోతే తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. మెల్లగా అంటే ఎప్పుడో ఏజెంటుకు తెలియనిది కాదు. వచ్చే నెల చూద్దామన్నవాళ్లంతా ఎన్ని నెలలు చూశారో ఆయన ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాడు. చేవెళ్ల వచ్చినా బేరం తెగలేదు. అయినా మల్లేశ్ కొట్టు ముందు ఆగి లోపలికి వెళ్లాడు. కంప్యూటరు మీద తాత మీసాలతో వెలిగిపోతున్నాడు.

"మల్లేశ్, తాత మీద ఇంకొక డబ్బా పెట్టు. బీరమ్మ అని రాయి."

"తాతకు తల్లా సార్?"

"కాదు."

"మరి మీకేమైతది?"

"ఏం కాదు."

మల్లేశ్ మౌసు వదిలేసి ఇటు తిరిగాడు. "ఏం కాకుంటే వంశవృక్షంల ఎట్ల పెడ్తం సార్? గీత ఎక్కడికెళ్లి గుంజాలె?"

అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ చెట్టులో బీరమ్మకు చోటు లేదు. బీరమ్మ లేకపోతే ఆ చెట్టే లేదు. తెర మీది పేర్లన్నీ, తన పేరూ, కూతురు ఆశా పేరూ, జయరాజ్ ఒకసారి కిందినుంచి పైదాకా చూసుకున్నాడు. ఆ పొద్దున ఆమె ఆ గంప ఎత్తుకోకపోయి ఉంటే ఇందులో ఒక్కరూ పుట్టేవారు కారు. ఏ సంబంధమూ లేని మనిషి చేసిన పని మీద తన సంబంధాలన్నీ నిలబడి ఉన్నాయి.

"చెట్టు తీసెయ్యి," అన్నాడు చివరికి. "ఊరు గియ్యి. పాత ఊరు ఈడ, చేవెళ్ల ఈడ. నడుమ దారి గుంజు. ఎక్కడెక్కడ గట్టున్నదో నేను చెప్తా."

ఇంట్లో విషయం చెప్పి, మొదటి గంప ఇక అంతయ్య ఇంటిదే అన్నప్పుడు ప్రేమజ్యోతి పప్పు తాలింపు వేస్తోంది. తాలింపు మాడింది.

"గంప నాది. నేనియ్య," అంది.

"ఆ పిల్లగాడు ఆ దినం పోయుంటే, నువ్వెవరిని చేసుకుందువు చెప్పు?"

"ఎవరినో ఒకరిని చేసుకుందును. వాడు ఇంటికాడుండి ఊరి గట్లు లెక్కవెట్టకపోవు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అది తాలింపు పొగ అని ఆయన్ని నమ్మించబోలేదు. "అత్తమ్మ నా నెత్తిన పెట్టింది. ఆ ఒక్కనాడే నేను చర్చిల ముందు నడుస్త. మిగిలినన్ని దినాలు నీ ఎనకనే కదా."

జయరాజ్ పొయ్యి ఆర్పాడు. ఆమె మాట నిజం.

అంతయ్య దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఎదురైంది. అంతా విని అతను సంతోషపడతాడనుకుంటే, అదిరిపోయాడు.

"మాకొద్దన్నా. ముందు పోయే గంపల అందరి కండ్లు పడ్తయ్. ఎనక పోతే ఎవ్వలు చూడరు, రెండు కట్టల కొత్తిమీరేసినా నడుస్తది. మా నాయినమ్మ పాపం, ఏదో చేసింది. ఇప్పుడు గా పేరు తీసి మమ్మల్ని ఎందుకు నిలవెడ్తవ్?"

ఇచ్చేవాడింట్లో ఇవ్వనంటారు, పుచ్చుకునేవాడు వద్దంటాడు. మధ్యలో జయరాజ్ ఒక్కడే సత్యం నెత్తిన పెట్టుకొని తిరిగాడు.

పండుగనాడు చర్చి నిండిపోయింది. వంశవృక్షం చూద్దామని వచ్చినవాళ్లకు గోడ మీద గట్లూ బావులూ ఉన్న ఆలూరు కనిపించింది. మా చెలక ఇది, కాదు మీది అది అని పాట మధ్యలోనే గుసగుసలు మొదలయ్యాయి. జయరాజ్ లేచి నిలబడ్డాడు. బీమా గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగల మనిషి, ఆ రోజు రెండుసార్లు ఆగి మంచినీళ్లు తాగాడు. తాత గంప తేలేదని, గంపలో వచ్చాడని చెప్పినప్పుడు ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గంప మోసినామె పేరు చెప్పాక ఎవరూ నవ్వలేదు. "ఇగ మా గంప చివరికి వస్తది," అని ముగించి, వెనక్కి నడిచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ప్రేమజ్యోతి కూడా గంపతో అక్కడే ఉంది. రానని చివరిదాకా అని, చివరికి వచ్చింది. మొహం మాత్రం కుండలా పెట్టుకుంది. కాపురానికి వచ్చిన తర్వాత ఆ చర్చిలో వెనక వరుసనుంచి ముందుకు చూడడం ఆమెకు ఇదే మొదలు. పక్కన అంతయ్య భార్య ప్రవీణ నిలబడి ఉంది. ఆమె గంప నేల మీద ఉంది, నిండా టమాటాలు, బీట్రూట్, పైన కొత్తిమీర. అన్నీ సొంత చెమటతో పండినవి.

పాస్టరు ప్రేమదాసు, "బీరమ్మ ఇంటోల్లు ముందుకు రావాలె," అని పిలిచాడు. అంతయ్య కాలి బొటనవేలు చూసుకుంటూ ఉండిపోయాడు. చర్చంతా వెనక్కి తిరిగింది. ఇక తప్పదని ప్రవీణ వంగి గంపను చంకకు ఎత్తుకోబోయింది. బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయింది.

"నెత్తిన పెట్టుకోవేంది?" అంది ప్రేమజ్యోతి ఉండబట్టలేక.

"ఎవరెత్తుతరక్కా? అందరు పోయినంకనే కదా మేం పోయేది. మాకు ఎత్తనీకి ఎవలు మిగులుతరు? ఎప్పుడు చంకనే."

ఇన్నేళ్లూ తన గంప ఎత్తడానికి నలుగురు ఎగబడేవారు. ఈ వెనక ఇట్లా జరుగుతుందని ప్రేమజ్యోతికి తెలియదు. ఆమె ప్రవీణ గంప వైపు చూసింది. తర్వాత తన గంపను జయరాజ్ చేతుల్లోకి తోసేసింది. తన నెత్తి మీది బట్టచుట్ట తీసి ప్రవీణ తల మీద సర్ది, "వంగు," అంది. ఇద్దరూ కలిసి గంప లేపారు. ప్రవీణ మెడ నిలబెట్టుకుంది. ఆమె అడుగు తడబడుతుంటే ప్రేమజ్యోతి గంప అంచు పట్టుకుని పక్కనే నడిచింది.

వెనక జయరాజ్, చేవెళ్ల మార్కెట్ క్యారెట్లను మొట్టమొదటిసారి నెత్తికెత్తుకుని, బట్టచుట్ట లేకుండా మోయడమంటే ఏమిటో తెలుసుకుంటున్నాడు. రెండు క్యారెట్లు జారి పడ్డాయి. తీసుకోవడానికి వంగితే మిగతావి పోతాయని అట్లాగే నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

బల్ల దగ్గర ప్రతి గంపనూ ఎవరి ఇంటిదని అడిగి, ఆ ఇంటి పేరున ప్రార్థన చేయడం ఆ చర్చి పద్ధతి. చివరి గంప వచ్చేసరికి వేలం హడావుడి మొదలయ్యేది కాబట్టి ప్రవీణను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ప్రేమదాసు అడిగాడు. ఆమె ప్రేమజ్యోతి వైపు చూసింది. ప్రేమజ్యోతి పెదవుల మీదికి అలవాటుగా మారయ్య పేరే వచ్చింది. దాన్ని మింగేసింది.

"బీరమ్మ ఇంటిది అయ్యగారూ," అంది. "మా ఇంటోల్లం గూడ ఆమె గంపలనే వచ్చినం."